మూడు పక్షుల రోస్ట్: టర్కీని వదిలేయండి, బాతుకి దమ్ పెట్టండి

ప్రశ్న: మాది సికింద్రాబాద్ మెట్టుగూడ. ఈ క్రిస్మస్‌కి మా మరిది వాళ్లు హ్యూస్టన్ నుంచి వస్తున్నారు. అక్కడ టర్కీ కోడి లోపల బాతు, బాతు లోపల మామూలు కోడి పెట్టి చేసే టర్డకెన్ అనే రోస్ట్ తిన్నారట. పిల్లలు దాని వీడియో పంపి, "పెద్దమ్మా, ఈసారి నువ్వు చెయ్యాలి" అని పట్టుబట్టారు. అందరం కలిపి పన్నెండు మందిమి. ఇంట్లో 40 లీటర్ల ఓటీజీ ఉంది, కేకులు బాగానే వస్తాయి. కోడిని ముక్కలు కొట్టకుండా లోపల కూరి వండే ముర్గ్ ముసల్లం చేసిన అలవాటుంది కానీ ఇలాంటిది ఎప్పుడూ చేయలేదు. మా అత్తమ్మ "అంత మందం లోపలి దాకా ఉడకదు, పండగ పూట అందరికీ కడుపు పాడవుతుంది" అంటున్నారు. ఆవిడ మాట నిజమేనా? ఈ పక్షులన్నీ మన దగ్గర దొరుకుతాయా? ముందు రోజు రాత్రే లోపల పెట్టి కుట్టేసి ఉంచుకోవచ్చా? మసాలా మన పద్ధతిలో వేస్తే బాగుంటుందా? కొంచెం టెన్షన్‌గానే ఉంది. — ఒక పాఠకురాలు

సమాధానం: మీ అత్తమ్మ గారి భయంలో చాలావరకు నిజముంది. వీడియోలో చూసినట్టు టర్కీతో చేస్తే మీ ఓటీజీలో అది లోపలి దాకా ఉడకడం కష్టమే. కానీ ఒక పక్షిలో ఇంకో పక్షిని పెట్టి వండడం మీ ఇంట్లో కుదరని పని కాదు. టర్కీని పక్కన పెట్టి, వరసని కొంచెం మార్చి, ఓటీజీకి ముందు దమ్ పెట్టండి. మీకు చేతనైన పద్ధతిలోనే పని అయిపోతుంది.

టర్కీ ఎందుకు వద్దంటున్నానో ముందు చెప్తాను. మాంసంలో వేడి బయటి నుంచి మధ్యకి చాలా నెమ్మదిగా పాకుతుంది. ఎముక తీసి, లోపల మరో పక్షిని పెట్టి కుట్టాక అది ఒకటే గట్టి ముద్ద. మామూలు కోడికి ఉన్నట్టు మధ్యలో ఖాళీ ఉండదు, అందులోకి వేడిగాలి వెళ్లదు. ఇలాంటి ముద్దకి బరువు కన్నా మందం ముఖ్యం. మందం రెట్టింపు అయితే పట్టే టైము రెట్టింపు కాదు, దాదాపు నాలుగింతలవుతుంది. అడ్డంగా 12 సెంటీమీటర్లున్న రోస్ట్ రెండు గంటల్లో ఉడికిందనుకుంటే, 24 సెంటీమీటర్లది ఎనిమిది గంటల మాటే. అమెరికాలో పెద్ద టర్డకెన్‌కి పొద్దున్నే ఓవెన్ వెలిగించి సాయంత్రానికి వడ్డించేది అందుకే. వాళ్ల ఇళ్లలో ఓవెన్లు కూడా అంత పెద్దవి. మీ 40 లీటర్ల ఓటీజీలో ఐదు కిలోల టర్కీని పెడితే పై రాడ్‌కీ దాని రొమ్ముకీ మధ్య రెండు వేళ్ల సందు మిగిలితే గొప్ప. గంటలో పైన నల్లబడుతుంది, మధ్యలో ఇంకా చల్లగానే ఉంటుంది. మధ్యలో కరెంటు పోయిందా, ఇన్వర్టర్ మీద ఓటీజీ నడవదు.

ఇంకో చిక్కుంది. టర్కీ రొమ్ము మాంసంలో కొవ్వు తక్కువ, త్వరగా ఎండిపోతుంది. టర్డకెన్‌లో దాన్ని అన్నిటికన్నా బయట, అన్నిటికన్నా ఎక్కువ వేడి తగిలే చోట పెడతారు. మధ్యలో కోడి ఉడికేసరికి బయటి టర్కీ పీచు పీచుగా అయిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అమెరికాలో దీనికి పేరు తెచ్చింది లూసియానా రాష్ట్రపు షెఫ్ పాల్ ప్రుడోమ్, 1980లలో. ఆ ఊళ్ల సాసేజీలు, మొక్కజొన్న రొట్టెతో చేసిన స్టఫింగు, గ్రేవీ ఆ పొడిదనాన్ని చాలావరకు కప్పేస్తాయి. మనకి ఆ తంటా ఎందుకు?

మీరు బాతుని బయట పెట్టండి. దాని లోపల కోడి, కోడి లోపల కౌజు పిట్టలు, పిట్టల్లో ఉడికించిన కౌజు గుడ్లు. బాతు మాంసం గట్టిది, ఎక్కువసేపు ఉడికితేనే మెత్తబడుతుంది. దాని తోలు కింద కొవ్వు ఉంటుంది, అది కరిగి తనను తానే తడుపుకుంటుంది. కోడి, కౌజు లేత మాంసం, తక్కువ వేడికే అయిపోతుంది. ముదురుది బయట, లేతది లోపల అనే ఈ వరస పాటిస్తే అన్నీ ఒకే సమయానికి సిద్ధమవుతాయి. మందం కూడా 12, 13 సెంటీమీటర్లు దాటదు. టర్కీ లేకపోతే ఎలా అని పిల్లలు అలిగితే, కోసిన ముక్కలో గుడ్డు చుట్టూ మూడు వరసలు కనిపించేసరికి ఆ మాట మర్చిపోతారు.

ఇక కొనడం గురించి. మన చికెన్ షాపుల్లో అడగకపోతే స్కిన్‌లెస్సే ఇస్తారు. ఈకలతో సహా తోలు లాగేయడం వాళ్లకి రెండు నిమిషాల పని. రోస్ట్‌లకి ఇది పెద్ద తలనొప్పి అంటారు కానీ, మీ విషయంలో మంచిదే. లోపల ఉండే కోడికి తోలు అక్కర్లేదు. తోలు ఉంటే ఆవిరికి నాని రబ్బరులా తగులుతుంది. కాబట్టి కోడీ కౌజూ స్కిన్‌లెస్సే తీసుకోండి. శుభ్రం చేశాక 900 గ్రాములుండే చిన్న కోడి ఒకటి, కౌజు పిట్టలు రెండు. కోడిని ముక్కలు కొట్టొద్దని ముందే చెప్పండి. కత్తి చేతిలో ఉండగా వాళ్ల చెయ్యి ఆగదు. "బోన్‌లెస్ చేసివ్వండి" అని కూడా అనకండి. వాళ్ల లెక్కలో బోన్‌లెస్ అంటే చిల్లీ చికెన్‌కి కొట్టే ముక్కలు. మీకు పక్షి అఖండంగా కావాలి.

బాతుకి మాత్రం తోలు ఉండి తీరాలి. పాతబస్తీలో ముర్గీ చౌక్ వైపు బాతులు, నాటుకోళ్లు అమ్ముతారు. కోల్డ్ స్టోరేజీ షాపుల్లో, పెద్ద ఫిష్ మార్కెట్ల దగ్గరి పౌల్ట్రీ షాపుల్లో ముందు చెప్తే తెప్పిస్తారు. క్రిస్మస్ వారంలో గిరాకీ ఉంటుంది కనుక పది రోజుల ముందే ఆర్డర్ పెట్టుకోండి. మనూళ్లలో వరి కోతలయ్యాక పొలాల్లో తిప్పి మేపే బాతులు చాలావరకు గుడ్ల కోసం పెంచేవి. గుడ్లు మానేసిన ముసలి బాతుని అంటగడితే ఎంత ఉడికించినా సాగుతూనే ఉంటుంది. లేతదే కావాలని గట్టిగా అడగండి. ముక్కు కొస నొక్కితే కొంచెం వంగాలి, రొమ్ము ఎముక చివర మెత్తగా ఉండాలి. ఫ్రోజెన్‌లో దొరికే తెల్ల బాతు రెండు కిలోల పైన ఉంటుంది, మీ పనికి అదే బాగా సరిపోతుంది. దాన్ని ఫ్రీజర్ నుంచి తీసి ఫ్రిజ్ కింది అరలో పెడితే కరగడానికి పూర్తిగా ఒక రోజు పడుతుంది. సింకులో వేసి బయట వదిలేయకండి.

తాజా బాతు తెచ్చుకుంటే పిల్లీకలు మిగిలి ఉంటాయి. నాటుకోడిని కాల్చినట్టే స్టవ్ మంట మీద తిప్పుతూ కాల్చి, పసుపు రాసి తుడిచేయండి. కాల్చేది పిల్లీకల్నే, తోలుని కాదు. తోలు ముడుచుకుపోయి చిట్లితే తర్వాత కుట్టడం కష్టం.

కౌజు పిట్టలు ఫారంవే కొనండి. "అడివి కంజులు" అని చెప్పి రోడ్డు పక్కన అమ్మేవాళ్లు కనిపిస్తే కొనకండి. వాటిని పట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

బాతు కుదరకపోతే? తోలుతో ఉన్న రెండున్నర కిలోల బ్రాయిలర్‌ని బయట పెట్టి, లోపల కౌజులు, కీమా పెట్టుకోవచ్చు. రెండు పక్షులే అవుతాయి, రుచికి లోటుండదు. తోలుతో కావాలంటే వేడినీళ్లలో ముంచి డ్రమ్ములో వేసి ఈకలు తీసే షాపుకి వెళ్లాలి, అన్ని షాపుల్లో ఆ మెషీన్ ఉండదు.

ఎముకలు తీయడమే ఈ వంటలో అసలు పని. కొత్తవాళ్లు దీన్ని చూసే భయపడతారు. నిజానికి ఇది బలంతో చేసేది కాదు, ఓపికతో చేసేది. చిన్న పదునైన కత్తి తీసుకోండి, పెద్ద కత్తి అడ్డం. పక్షిని రొమ్ము కింద వైపు ఉండేలా పడుకోబెట్టి, మెడ నుంచి తోక దాకా వెన్నెముక మీదుగా ఒకే కోత పెట్టండి. అక్కడి నుంచి కత్తి మొన ఎప్పుడూ ఎముక వైపే ఉండాలి. మాంసాన్ని కోయడం కాదు, ఎముకని గీకుతూ పక్కకి తప్పించడం. పక్కటెముకల మీదుగా దిగుతుంటే ముందు భుజం కీలు తగులుతుంది, తర్వాత తొడ కీలు. కీళ్లని విరిచి, నరం దగ్గర తెంపితే విడిపోతాయి. రెండో పక్క కూడా అలాగే. చివరికి రొమ్ము ఎముక అంచు ఒక్కటే తోలుకి అంటుకుని మిగులుతుంది. అక్కడ మాంసం ఉండదు, తోలు పేపర్ అంత పల్చగా ఉంటుంది. తొందరపడితే చిరిగేది అక్కడే. ఎముకని ఒక చేత్తో పైకి ఎత్తి పట్టుకుని, కత్తిని చదునుగా ఆనించి కొంచెం కొంచెం విడదీయండి. చిరిగినా కంగారు పడకండి, నాలుగు కుట్లు వేస్తే ఉడికాక కనిపించదు.

బాతుకి కాలి ఎముకలు, రెక్కల కొసలు ఉంచేయండి. వాటి వల్లే చివర్లో అది బాతులా కనిపిస్తుంది. కోడికి, కౌజులకి మాత్రం కాళ్ల ఎముకలతో సహా అన్నీ తీసేయాలి. ముందు కోడి మీద మొదలుపెట్టండి, తోలు లేదు కాబట్టి తప్పు జరిగినా ఫరవాలేదు. చెయ్యి అలవాటయ్యాక బాతు దగ్గరికి వెళ్లండి. కౌజు ఎముకలు పిల్లల వేళ్లకి బాగా వస్తాయి, మీ ఇంట్లో పదేళ్లు దాటిన వాళ్లుంటే చిన్న కత్తెర ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకోండి. తీసిన ఎముకలు ఒక్కటి కూడా పారేయకండి. ఉల్లిపాయ, అల్లం ముక్క, నాలుగు మిరియాలు, దాల్చినచెక్క వేసి గంటన్నర మరిగిస్తే యఖ్నీ తయారు. దమ్ముకీ గ్రేవీకీ అదే ఆధారం.

పచ్చి కోడిని కుళాయి కింద ధారగా కడగొద్దు. సాల్మొనెల్లా, క్యాంపైలోబ్యాక్టర్ లాంటి బ్యాక్టీరియా ఆ తుంపరలతోనే పక్కనున్న సలాడ్ దాకా వెళ్తాయి. గిన్నెలో నీళ్లు పోసి మెల్లగా కడిగి వంపేయండి. ఆ పలకని, కత్తిని సబ్బుతో కడిగాకే ఉల్లిపాయలు కోయండి. పసుపు రాశాం కదా అని ధైర్యం వద్దు, బ్యాక్టీరియాకి వేడే మందు.

ముందు రోజు రాత్రే కుట్టి పెట్టుకోవచ్చా అని అడిగారు. వద్దు. రాత్రి చేయదగిన పని చాలానే ఉంది, కుట్టడం మాత్రం వండే ముందే. ఎముకలు తీసిన మాంసం మొత్తానికి కిలోకి 10 గ్రాముల లెక్కన ఉప్పు, అంటే రెండు చిన్న చెంచాలకి కాస్త తక్కువ, లోపలి వైపు సమంగా చల్లి, దేనికది విడిగా మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. తెల్లారేసరికి ఉప్పు లోపలి దాకా పట్టి మాంసం నీరు వదలకుండా ఉంటుంది. బాతు తోలు వైపు మాత్రం మూత లేకుండా గాలి తగలనిస్తే ఇంకా మంచిది, తోలు ఆరుతుంది. లోపల కూరే కీమా (ఎలాగో కింద చెప్తాను) వండి, చల్లార్చి, అది కూడా విడిగా ఫ్రిజ్‌లోనే. యఖ్నీ కూడా అంతే. కలిపి కుట్టేస్తే మధ్యభాగం ఫ్రిజ్‌లో చల్లబడడానికి చాలా టైము పడుతుంది, ఆ వెచ్చదనంలోనే క్రిములు పెరుగుతాయి. రాత్రి సగం ఉడికించి ఆపి, మర్నాడు పూర్తి చేద్దామన్న ఆలోచన అంతకన్నా ప్రమాదం.

స్టఫింగుగా అన్నం పెడదామని చాలామంది అనుకుంటారు, ముసల్లం అలవాటు వల్ల. ఇక్కడ నాకు అన్నం నచ్చదు. బాతు కొవ్వు పీల్చుకుని జిడ్డు ముద్ద అవుతుంది, మందం పెంచుతుంది. మటన్ కీమా మేలు. 300 గ్రాముల కీమాని ఉల్లిపాయ, అల్లంవెల్లుల్లి, పచ్చిమిర్చితో నీరంతా ఇంకిపోయే దాకా వేయించి, దింపాక సన్నగా తరిగిన పుదీనా, వేయించిన జీడిపప్పు, కొంచెం షాజీరా, ఏలకుల పొడి కలపండి. పూర్తిగా చల్లారాక ఒక గుడ్డు, గుప్పెడు బ్రెడ్ పొడి కలిపితే ముక్క కోసేటప్పుడు రాలిపోదు. ఉప్పు తక్కువ వేయండి, మాంసానికి ముందే పట్టించారు కదా. నిమ్మరసం కూడా కాస్త పడాలి, ఇంత కొవ్వు మధ్య పులుపు లేకపోతే రెండో ముక్కకే వెగటు పుడుతుంది.

మసాలా మన పద్ధతే, కానీ లోపల. బాతు తోలు మీద పెరుగు, కారం, అల్లంవెల్లుల్లి ముద్ద పట్టించకండి. పెరుగు తడికి తోలు కరకరలాడదు, చివర్లో ఓవెన్ మంట పెంచితే వెల్లుల్లి మాడి చేదెక్కుతుంది. తందూరీ రంగు అసలే వద్దు. తోలు మీద దంచిన మిరియాలు, వేయించిన ధనియాల పొడి, ఉప్పు చాలు. కోడి లోపలి వైపు మాత్రం అల్లంవెల్లుల్లి, గరం మసాలా, కొంచెం కారం ఎలా కావాలంటే అలా రాయండి.

పేర్చేటప్పుడు బాతుని తోలు కింద వైపు ఉండేలా పరవండి. కీమాని అర అంగుళం మించకుండా పల్చగా వేయండి. దాని మీద కోడిని పరిచి, మళ్లీ కీమా. మధ్యలో కౌజులు రెండూ ఒకదాని వెనక ఒకటి పొడవుగా, ఒక్కో దానిలో రెండేసి గుడ్లు. అడ్డంగా పెడితే మధ్య ముక్కల్లోనే కౌజు వస్తుంది, చివరి ముక్కలు తిన్నవాళ్లు అలుగుతారు. ఎక్కువ కూరకండి, అంచులు వేలెడు మేర ఒకదాని మీద ఒకటి రావాలి. గోనె సంచులు కుట్టే దబ్బనం కొత్తది కొని వేడినీళ్లలో మరిగించి వాడండి. దారం తెల్ల నూలుది, రంగు లేనిది. నైలాన్ కరుగుతుంది, పురికొస పీచు వదులుతుంది. వెన్ను వెంట కుట్టి, తిప్పి, కాళ్లు రెండూ కలిపి కట్టి, నడుము చుట్టూ మూడు నాలుగు చోట్ల వదులుగా దారం చుట్టండి. బిగించి కడితే మాంసం ఉబ్బి తోలు తెగుతుంది.

ఇప్పుడు దమ్. ఇది నా సొంత తెలివి కాదు. పక్షిలో పక్షిని పెట్టే వంటలు పాతకాలంలో ఎక్కువగా మూసిన పాత్రలోనో, మందపాటి పిండి గోడలోనో వండినవే. ఇంగ్లండ్‌లో 1747 నాటి యార్క్‌షైర్ క్రిస్మస్ పై అనే వంటకంలో పావురం, కౌజులాంటి పార్ట్‌రిడ్జ్, కోడి, బాతుకి అన్నలాంటి గూస్, టర్కీ, ఈ అయిదూ ఒకదానిలో ఒకటి పెట్టి గోడలా మందపాటి పిండిలో మూసేసేవారు. పారిస్‌లో 1807లో గ్రిమో ద లా రెనియేర్ అనే భోజన రచయిత రాసిన రోస్ట్ అయితే 17 పక్షులది, దాన్ని కుండలో గాలి పోకుండా మూసి సన్న మంట మీద ఉంచమన్నాడు. తిన్నవాళ్ల సంగతి నాకు అనుమానమే కానీ మూత పెట్టడం వెనక లెక్క బాగుంది. ఆవిరి వేడిని గాలి కన్నా చాలా బాగా అందిస్తుంది, పైన మాడనివ్వదు. హైదరాబాద్‌లో ఉండి మూత చుట్టూ పిండి పెట్టడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు.

రెండు కిలోల బిర్యానీ పట్టే అడుగు మందం గిన్నె తీసుకోండి. అడుగున ఉల్లిపాయ చక్రాలు, వాటి మీద చిన్న స్టీలు స్టాండు. మూడు గ్లాసుల యఖ్నీ పోయండి, అది బాతుకి తగలకూడదు. బాతు తోలుకి కొవ్వు ఎక్కువున్న చోట, తొడల దగ్గర, సూదితో ఏటవాలుగా పొడవండి. మాంసంలోకి దిగకూడదు, కొవ్వు కరిగి బయటికి రావడానికి దారి అంతే. మూత పెట్టి పిండితో మూసి, అయిదు నిమిషాలు పెద్ద మంట మీద ఆవిరి పట్టించి, తర్వాత కింద పెనం పెట్టి సన్న మంటకి తగ్గించండి. గంటా నలభై అయిదు నిమిషాల వరకు ముట్టుకోవద్దు.

అప్పుడు థర్మామీటర్. ఈ వంటకి ఒక్క వస్తువు కొత్తగా కొనాల్సి వస్తే అది మాంసంలో గుచ్చే డిజిటల్ థర్మామీటరే. జ్వరం చూసేది పనికిరాదు, దాని లెక్క 42 డిగ్రీలతో అయిపోతుంది. నుదుటి దగ్గర పెట్టే గన్ను పై వేడినే చూపిస్తుంది. సూదిని బాతు పక్క నుంచి సరిగ్గా మధ్యకి, కౌజు దాకా దించండి. అక్కడ 74 డిగ్రీల సెల్సియస్ రావాలి. రెండు మూడు చోట్ల చూడండి, అన్నిటికన్నా తక్కువ చూపించినదే లెక్క. 74 రాకపోతే మళ్లీ మూత పెట్టి పావుగంటకోసారి చూడండి, మందాన్ని బట్టి రెండున్నర గంటల దాకా పట్టొచ్చు. యఖ్నీ ఇంకిపోతుంటే మరిగే నీళ్లు ఒక గ్లాసు పోయండి. "సూది గుచ్చితే తేటగా రసం వచ్చింది కదా" అన్న పాత పరీక్షని ఈ రోస్ట్‌కి నమ్మకండి, ఆ రసం బాతుది, మధ్యలో కోడి సంగతి అది చెప్పదు. మీ అత్తమ్మ గారిని పిలిచి ఆ అంకె ఆవిడకే చూపించండి, తర్వాత ఆవిడే నిశ్చింతగా వడ్డిస్తారు.

దమ్ అయ్యేసరికి బాతు పాలిపోయి, చూడ్డానికి ఏమీ బాగోదు. కంగారు పడకండి. ఓటీజీని 220 డిగ్రీల దగ్గర ముందే వేడి చేసి ఉంచండి. బాతు తోలుని బట్టతో బాగా అద్ది ఆరబెట్టి, మిరియాలు, ధనియాల పొడి మళ్లీ చల్లి, కింది అరలో ట్రే మీద పెట్టి 25 నుంచి 30 నిమిషాలు ఉంచండి. సగంలో ఒకసారి తిప్పండి, మన ఓటీజీల్లో వెనక వైపు వేడి ఎక్కువ. కాలి చివర్లు నల్లబడుతుంటే ఫాయిల్ చుట్టండి. ఈ టైములో కరెంటు పోతే కూడా భయం లేదు, లోపల ఉడికిపోయింది కదా. వెడల్పు పెనం మీద బాతు నుంచి కారిన కొవ్వుతో అటూ ఇటూ తిప్పి ఎర్రగా కాల్చేయండి.

గిన్నె అడుగున మిగిలిన యఖ్నీని వడకట్టి కాసేపు కదపకుండా ఉంచితే కొవ్వు పైకి తేలుతుంది. దాన్ని తీసి దాచండి, ఉడికించిన ఆలుగడ్డలు అందులో వేయిస్తే రోస్ట్ కన్నా ముందు అవే అయిపోతాయి. కింది యఖ్నీని సగానికి మరిగించి, వేయించిన ఉల్లిపాయ నలిపి వేసి, నిమ్మరసం పిండితే గ్రేవీ. పిండి కలిపి చిక్కబరచక్కర్లేదు.

ఓవెన్ నుంచి తీశాక అరగంట కదపకండి. వేడి వేడిగా కోస్తే వరసలు జారిపోయి ముక్క చెదురుతుంది, ఇంత కష్టపడింది ఆ ముక్క చూసుకోవడానికే కదా. దారాలు లెక్కపెట్టి తీసేయండి, ఒకటి లోపల ఉండిపోతే పిల్లల నోట్లోకి వెళ్తుంది. కాళ్లు, రెక్కలు విడదీసి, మిగతాదాన్ని బ్రెడ్ కోసే రంపపు కత్తితో అడ్డంగా రెండు సెంటీమీటర్ల మందాన కోయండి. పన్నెండు ముక్కలు వస్తాయి. పక్కన బగారా అన్నం, దహీ చట్నీ ఉంటే చాలు. బిర్యానీ కూడా పెడితే ఈ ముక్క ఎవరికీ ఎక్కదు.

టైము విషయంలో, పొద్దున ఆరాధనకి వెళ్లొచ్చి మధ్యాహ్నం భోజనానికి దీన్ని అందించడం కష్టం. రాత్రి భోజనానికి పెట్టుకోండి. రెండున్నరకి పేర్చి కుట్టడం మొదలుపెడితే మూడున్నరకల్లా దమ్ మీద ఉంటుంది, ఆరింటికి ఓటీజీలోకి వెళ్తుంది, ఏడింటికల్లా కోయొచ్చు. క్రిస్మస్‌కి రెండు వారాల ముందు ఒక ఆదివారం చిన్న కోడిలో ఒక్క కౌజు పెట్టి ఒకసారి చేసి చూడండి. ఎముకలు తీయడానికి మీకు ఎంతసేపు పడుతుందో, మీ స్టవ్ సన్న మంట ఎంత సన్నదో అప్పుడే తెలుస్తాయి.

మీ మరిదికి టర్కీ లేకపోతే మనసు ఒప్పదంటే, ఎముకతో ఉన్న మామూలు టర్కీని ఏమీ కూరకుండా దగ్గర్లోని బేకరీ భట్టీలో పెట్టించమనండి. పండగ రోజుల్లో కేకు పిండి తీసుకెళ్తే కాల్చిచ్చే బేకరీలు కొన్ని మాంసం ట్రేలు కూడా తీసుకుంటాయి, ముందుగా అడగాలి. అక్కడ కూడా తొడ దగ్గర 74 చూశాకే ఇంటికి తేవాలి. ఆ పని ఆయనకే అప్పజెప్పండి.

మిగిలిన ముక్కలుంటే రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లో పెట్టేయండి. మర్నాడు పొద్దున కరివేపాకు, ఎండుమిర్చి వేసి ఆ బాతు కొవ్వులోనే పెనం మీద కాల్చి దోశలోకి పెట్టండి.